ఎండ వద్దు, వాన పెట్టమనండి

మా అబ్బాయి నా పుట్టినరోజుకి హైదరాబాద్‌లో ఓ ఫ్లైట్ సిమ్యులేటర్ టికెట్ కొనిచ్చాడు. గంటకి 6,000 రూపాయలు. ఆర్టీసీలో 30 ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి, విమానం ఏపాటిలే అనుకుంటూ వెళ్లాను.

కాక్‌పిట్ బోయింగ్ 737ది. స్విచ్చులవీ అచ్చం అలాగే ఉన్నాయట. సీటు మాత్రం నాలాంటి పొట్టోళ్లకి, అంటే పొట్ట ఉన్నోళ్లకి, ఇరుకు. పక్కన కూర్చుని నేర్పేది రిటైరైన కెప్టెన్. "ఏ ఊళ్లో దింపుదాం?" అంటే మంగళూరు అన్నాను, 2010లో అక్కడ విమానం లోయలో పడి 158 మంది పోయిన సంగతి గుర్తుండి. కొండ మీద చదును చేసి వేసిన రన్‌వే, చివర లోయ. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాన కూడా పెట్టారు.

మొదటిసారి కాస్త ఎత్తులో వచ్చాను. రన్‌వే మొదట్లో 50 అడుగులు ఎక్కువుంటే చక్రాలు దాదాపు 1,000 అడుగులు అవతల తాకుతాయట. పైగా మెత్తగా దింపుదామని ముక్కు ఎత్తి పట్టుకునే ఉన్నాను. మెత్తగానే దిగింది. బ్రేకు తొక్కితే ఆగితేగా? లోయలోకి పోయాం. చొక్కా తడిసిపోయింది.

"వానలో మెత్తటి ల్యాండింగ్‌కి చప్పట్లు కొట్టకండి. గట్టిగా దింపితేనే చక్రం నీటి పొరని చీల్చి నేల పట్టుకుంటుంది" అన్నారాయన. మంగళూరులో ఆ విమానం 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక తాకిందట. దిగకుండా మళ్లీ పైకి లేపేయమని, అంటే గో అరౌండ్ అని, కో-పైలట్ అంతకుముందే అన్నాడు. 2020లో కోజికోడ్‌లో ప్రమాదమూ ఇలాంటిదే: అక్కడా కొండ మీది రన్‌వే, సగం దాకా గాల్లోనే, పైగా వాన.

"ఇంతదూరం వచ్చాం కదా, దించేద్దాం అనిపిస్తుంది చూడండీ, ఆ క్షణమంటే నాకిప్పటికీ భయమే" అన్నారు. నాకు ఠక్కున తగిలింది. స్టాపు దాటిపోతే ప్యాసింజర్లు తిడతారని తడి రోడ్డు మీద సడన్ బ్రేకు వేసిన రోజులు నాకూ ఉన్నాయి.

రెండోసారి 500 అడుగుల ఎత్తు దగ్గర స్పీడు ఎక్కువుంది. ఆయన ఏమీ అనలేదు, నావైపు చూశారంతే. థ్రాటిల్ తోసి లేపేశాను. "పాస్" అన్నారు, ఇంకా దిగకుండానే! మూడోసారి దిగాం, నడుం అదిరేలా.

నాలుగు స్టార్లు. వెళ్తే వాన పెట్టమని అడగండి, అడక్కపోతే ఎండే పెడతారు. ఒక స్టారు కోసింది వీడియోకి విడిగా 800 అడిగినందుకు. అదీ నేను లోయలో పడ్డ వీడియోకి.