మూడేళ్ళుగా ఏఐ టూల్స్‌తో కోడింగ్, ఆన్-కాల్: నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక బ్యాకెండ్ టీమ్‌లో పనిచేస్తాను. జావా సర్వీసులు రాయడం, వాటిని కుబర్నెటిస్ (చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపే వ్యవస్థ) మీద నడపడం, నాలుగు వారాలకోసారి ఆన్-కాల్ (ఏ వేళలో సమస్య వచ్చినా లేచి చూసే వంతు) చూడడం నా పని. కోడ్ రాయడంలో సాయపడే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. నేను ఆ ఏడాది చివర్లో మొదలుపెట్టాను. అప్పట్నుంచి ఎడిటర్‌లో కోడ్ పూర్తిచేసేవి, చాట్‌లో అడిగేవి, ఈమధ్య టెర్మినల్‌లో తామే కమాండ్లు నడిపే ఏజెంట్లు, అన్నీ వాడుతూ వచ్చాను. కింద చెప్పే పొరపాట్లు ఏ ఒక్క కంపెనీ టూల్‌కో పరిమితం కావు కాబట్టి పేర్లు రాయడం లేదు.

కోడ్ రాయడం తొందరగా అవుతుందన్న ఆశతో మొదలుపెట్టాను. కొంతవరకు అయింది కూడా. కానీ రేపు వీటిని తీసేస్తామంటే నాకు ఎక్కువ బాధ కలిగేది, పాత కోడ్ చదివి అర్థం చెప్పే మనిషిలాంటి తోడు లేకుండా పోతున్నందుకు.

మా బిల్లింగ్ సర్వీసులో 1,800 లైన్ల క్లాస్ ఒకటి ఉంది. రాసినవాళ్ళెవరూ ఇప్పుడు కంపెనీలో లేరు. దాన్ని ముట్టుకోవాలంటే టీమ్‌లో అందరికీ టెన్షనే. ఏజెంట్‌కి ఆ క్లాస్‌తో పాటు గిట్ హిస్టరీ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న చరిత్ర) కూడా చూపించి, ఈ తేదీ లెక్క ఎందుకిలా ఉందని అడిగాను. నెలాఖరు రీఫండ్లకు మాత్రమే వర్తించే షరతు ఒకటి ఉందనీ, అది ఫలానా కమిట్‌లో (ఒకసారి నమోదు చేసిన మార్పులో) చేరిందనీ చెప్పింది. వెళ్ళి ఆ కమిట్ చూశాను, నిజమే. నాకు రెండు రోజులు పట్టే పని మధ్యాహ్నం భోజనం లోపే అయింది. ఆ తర్వాత ఇప్పుడున్న ప్రవర్తనను అలాగే పట్టి ఉంచే టెస్టులు రాయించి, అప్పుడే కోడ్‌లో చెయ్యి పెట్టాను.

జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3కి మారేటప్పుడు వందల ఫైళ్ళలో జావాఎక్స్ ప్యాకేజీ పేర్లు జకార్తాగా మారాలి. ఏజెంట్ అన్నీ మార్చేసింది, జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్‌తో సహా. అది జేడీకేలో, అంటే జావాతో పాటే వచ్చే కిట్‌లో భాగం, మారకూడదు. కంపైలర్ (కోడ్‌ని నడిచే రూపంలోకి మార్చేది) వెంటనే పట్టుకుంది, పది నిమిషాల్లో సరిచేశాం. ఇలాంటి తప్పులతో నాకు ఏ ఇబ్బందీ లేదు. కంపైలర్‌కి దొరకనివే భయపెడతాయి.

ఒకసారి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెద్ద టేబుల్‌కి ఇండెక్స్ (తొందరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) చేర్చాల్సి వచ్చింది. టూల్ మామూలు క్రియేట్ ఇండెక్స్ రాసిచ్చింది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, టెస్ట్ డేటాబేస్‌లో క్షణంలో నడిచింది. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు డేటాబేస్‌లో మాత్రం ఇండెక్స్ తయారయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాతలన్నీ ఆగిపోతాయి. రాతలు ఆగకుండా చేసే కన్‌కరెంట్లీ అన్న ఒక్క మాట చేర్చాలని రివ్యూలో మా డేటాబేస్ సీనియర్ చెప్పారు. ఆ టేబుల్‌లో ఎన్ని కోట్ల వరుసలున్నాయో టూల్‌కి తెలియదు, నేనూ చెప్పలేదు.

కొత్తగా చేరిన పిల్లలతో ఇంకో రకం కష్టం. కోడ్, దాని టెస్టులు రెండూ టూల్ చేతే రాయించి తెస్తారు. "అక్కా, టెస్టులన్నీ పాస్ అయ్యాయి కదా" అంటారు. కోడ్ ఏం చేస్తోందో అదే సరైనదని టెస్ట్ రాసి ఉంటే పాస్ కాక ఏమవుతుంది? మా టీమ్‌లో ఇప్పుడు టెస్టు ఏమేం చూడాలన్నది ముందు మనిషి తెలుగులోనో ఇంగ్లీషులోనో వాక్యాలుగా రాస్తాడు, ఆ తర్వాతే టూల్ దాన్ని కోడ్‌గా మారుస్తుంది. లైబ్రరీల (వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్) విషయంలోనూ అంతే. అసలు లేని ప్యాకేజీ పేరు ఒకటి టూల్ ధీమాగా చెప్పింది. అలాంటి పేరు మీద ఎవరైనా చెడ్డ కోడ్ పెట్టి కాచుకుని ఉండొచ్చు. అందుకే కొత్త డిపెండెన్సీ (మన కోడ్ ఆధారపడే బయటి లైబ్రరీ) ఏదైనా మనిషి వెళ్ళి చూడకుండా చేర్చనివ్వను.

2025 జులైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. తమకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీద 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లు 246 పనులు చేశారు, కొన్ని ఏఐతో, కొన్ని లేకుండా. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్ళు మాత్రం 20 శాతం తొందరగా చేశామనే అనుకున్నారు. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. కంఠతా వచ్చిన కోడ్‌లో నాకూ అంతే, టైపింగ్‌లో మిగిలిన సమయం అది రాసింది సరిచూడడానికి ఖర్చవుతుంది. తెలియని కోడ్‌లోనే దీని విలువ.

ఆన్-కాల్ సంగతి వేరే చెప్పాలి. అమెరికా క్లయింట్లకు పగలంటే మనకు రాత్రి. పండగకి ఊరెళ్ళినా లాప్‌టాప్ వెంట ఉండాల్సిందే. ఒక సంక్రాంతికి, కనుమ రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. ఒక సర్వీసు పాడ్‌లు (కుబర్నెటిస్‌లో నడుస్తున్న దాని కాపీలు) పదేపదే రీస్టార్ట్ అవుతున్నాయి. ఎగ్జిట్ కోడ్ 137, సాధారణంగా మెమరీ చాలక సిస్టమ్ చంపేసిందని అర్థం. లాగ్ (సర్వీసు రాసుకునే చిట్టా) అతికించి టూల్‌ని అడిగితే మెమరీ లిమిట్ పెంచమంది. 2 జీబీ నుంచి 3 జీబీకి పెంచి పడుకున్నాను. ఐదింటికి మళ్ళీ మోగింది.

ఈసారి లాగ్‌తో పాటు డిప్లాయ్‌మెంట్ ఫైలు, జేవీఎం (జావా కోడ్‌ని నడిపేది) సెట్టింగులు కూడా ఇచ్చాను. అప్పుడు అసలు సంగతి తేలింది. మాక్స్ రామ్ పర్సెంటేజ్ 90 అని పెట్టి ఉంది. కంటైనర్ మెమరీలో 90 శాతం దాకా హీపే (ప్రోగ్రాం తన డేటా ఉంచుకునే చోటు) తీసుకుంటే థ్రెడ్ స్టాక్‌లు, మెటాస్పేస్, డైరెక్ట్ బఫర్లు లాంటి జేవీఎం మిగతా అవసరాలన్నీ మిగిలిన పది శాతంలో సర్దుకోవాలి. లిమిట్ పెంచితే హీప్ కూడా పెరుగుతుంది, మిగతావాటికి దొరికే చోటు 200 ఎంబీ నుంచి 300కి మాత్రమే వెళ్ళింది. ఆ విలువ 70కి దించి, లిమిట్ మళ్ళీ 2 జీబీకే తెచ్చాను. 600 ఎంబీ మిగిలింది. ఆ అలర్ట్ మళ్ళీ రాలేదు.

మొదటి జవాబు కూడా రెండోదంత ధీమాగానే ఉంది, నన్ను బాగా ఆలోచింపజేసింది అదే. ఇప్పుడు ఏ అలర్ట్ వచ్చినా నా మొదటి ప్రశ్న "ఏం చేయాలి" అని కాదు, "చెప్పేముందు నీకు ఇంకా ఏమేం చూపించాలి" అని. దీనివల్ల జవాబుల నాణ్యత చాలా మారింది.

టెర్రాఫామ్ ప్లాన్ (సర్వర్లు, డేటాబేస్‌ల వంటి వాటిలో ఏమేం మారబోతోందో చూపే జాబితా) చదివించడానికి కూడా వాడతాను. వందల లైన్లలో ఏ వనరు మారుతుంది, ఏది పడగొట్టి కొత్తగా కడుతుంది అన్నది వేరుచేసి చూపిస్తుంది. డేటాబేస్ ఆ జాబితాలో ఉంటే నేనే వెళ్ళి ప్లాన్ మొత్తం చదువుతాను. ఆ ప్లాన్‌ని అప్లై చేసే, అంటే నిజంగా అమలుచేసే హక్కు మాత్రం ఏ ఏజెంట్‌కీ ఇవ్వలేదు. కుబర్నెటిస్‌లోనూ చూసే హక్కు ఉన్న ఖాతానే దానికి ఇచ్చాను. లాగ్‌లు ఇచ్చేముందు ఫోన్ నంబర్లు, టోకెన్లు (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్‌లు) చెరిపేసే చిన్న స్క్రిప్ట్ నడుపుతాం, అదీ కంపెనీ అనుమతించిన టూల్‌లోనే.

మా ఆపరేషన్స్‌లో ఒకాయన ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా, పదో తరగతి దాకా తెలుగు మీడియం. సర్వర్ ఎక్కడ నొప్పి పెడుతుందో ఆయనకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. కానీ ఇన్సిడెంట్ (సర్వీసు ఆగిపోవడం లాంటి ఘటన) తర్వాత ఇంగ్లీషులో రిపోర్ట్ రాయాలంటే వెనక్కి తగ్గేవారు. సమస్య ఆయన పరిష్కరించేవారు, రిపోర్ట్ ఇంకొకరు రాసేవారు, కాల్‌లో మెచ్చుకోలు రాసినవాళ్ళకు వెళ్ళేది. ఇది నాకు చాలా కాలంగా బాధగా ఉండేది.

ఇప్పుడాయన జరిగింది జరిగినట్టు తెలుగూ ఇంగ్లీషూ కలిపి టైప్ చేస్తారు. టూల్ ఇంగ్లీషు డ్రాఫ్ట్ ఇస్తుంది. మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. డ్రాఫ్ట్‌లో నెట్‌వర్క్ జాప్యం కూడా ఒక కారణమని తనంతట తానే చేర్చింది. ఆయన వేలు పెట్టి చూపించి, "ఇది నేను చెప్పలేదమ్మా, జరగలేదు కూడా" అని ఆ వాక్యం కొట్టేశారు. మిగతాదంతా రెండుసార్లు చదివి పంపారు. ఆ రిపోర్టుల కింద ఇప్పుడు ఆయన పేరే ఉంటోంది.