మిర్యాలగూడలో 3 కిలోవాట్ల సోలార్ పని: ప్యానెల్‌కు పదికి తొమ్మిది, ఎర్తింగ్‌కు నాలుగు

సోలార్ బిగించిన వెండర్ పేరు రాయడం లేదు గానీ, ఉమ్మడి నల్గొండలో రెండు లక్షల అటూ ఇటూ చెప్పే సూర్యఘర్ (మిద్దె సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) ప్యాకేజీల్లో ఈ వెండర్‌ది మామూలు రకమే. వచ్చినవాళ్లంతా ముందుగా ప్యానెల్ కంపెనీ ఏదని అడుగుతారు. అసలు దాని గురించి బెంగే అక్కర్లేదు. 540 వాట్ల మోనో ప్యానెళ్లు ఆరు, సబ్సిడీ నిబంధన ప్రకారం దేశంలో తయారైన సెల్స్‌తోనే. దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలు, సింటెక్స్ ట్యాంకు నీడ పడకుండా పెట్టారు. రోజుకు సగటున 12 యూనిట్లు రావాలి. మే నెలలో ఎండ దంచినా ఆ మేరకు పెరగదు. ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే దాదాపు 14 శాతం పవర్ పడిపోతుంది. అది వెండర్ తప్పు కాదు.

పెద్ద తప్పులు ఎర్తింగ్ దగ్గరే. గుంతలు మూడు ఉండాలి: పిడుగు కడ్డీకి ఒకటి, డీసీకి (ప్యానెళ్ల వైపు) ఒకటి, ఏసీకి (ఇంటి కరెంటు వైపు) ఒకటి. ఇక్కడ రెండే తవ్వి, కడ్డీ పట్టీని తెచ్చి ఏసీ గుంతలోనే కలిపారు. పిడుగు పడితే ఆ కరెంటు నేరుగా ఇన్వర్టర్‌కు (ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) దారి వెతుక్కుంటుంది. మన దగ్గర నాలుగు అడుగులు తవ్వగానే రాయి తగులుతుంది కాబట్టి రాడ్డును సగానికి కోసి పాతేయడం ఇంకో అలవాటు. పూడ్చకముందే నిలబడి చూడండి, ఎర్త్ టెస్టర్ పెట్టించి రీడింగ్ అడగండి. 5 ఓమ్‌లు దాటితే ఒప్పుకోవద్దు.

స్ట్రక్చర్ గాల్వనైజ్డ్ పైపే. కానీ మిద్దె మీద గ్రైండర్‌తో కోసిన చోట్ల, డ్రిల్ చేసిన రంధ్రాల దగ్గర జింక్ పూత పోయింది, మళ్లీ పెయింట్ వేయలేదు. ఒక్క వానకాలం చాలు, ఎర్రగా తుప్పు కారుతుంది. కాళ్లను స్లాబులోకే బోల్టులతో బిగించారు. అడుగు వెడల్పు సిమెంటు దిమ్మెలు పోసి పైన బిగిస్తే స్లాబు కారదు, వైశాఖంలో గాలిదుమారం లేచినా కదలదు. దిమ్మెల ఖర్చు వేరు అంటారు, ఇవ్వండి.

కేబుల్ కొసల్లో ఉండే ఎంసీ4 కనెక్టర్లు ఒక్కోటి లాగి చూస్తే రెండు ఊడొచ్చాయి. క్రింపింగ్ టూల్ లేక కటింగ్ ప్లేయర్‌తో నొక్కారన్నమాట. వదులు జాయింటు వేడెక్కి కరుగుతుంది, అక్కడే మంట అంటుకుంటుంది. వేలాడే వైర్లను కోతులు వదలవు, పైపులో వేయించుకోండి. ఇన్వర్టర్‌ను పడమటి గోడకు పెట్టబోయారు. మెట్ల కింద నీడకు మార్చమంటే మార్చారు, మర్యాదగానే.

కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది, బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ కాబట్టి. ఆ మాట ముందే చెప్పినందుకు ఒక మార్కు.

కడగడం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఇక్కడ రైస్ మిల్లుల బూడిద ప్యానెల్ మీద సన్నగా పరుచుకుని, మంచు పడితే అట్టకడుతుంది. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. భగీరథ నల్లా నీళ్లు, మెత్తటి గుడ్డ, పొద్దున ఎండ రాకముందు. కాగిన అద్దం మీద మధ్యాహ్నం నీళ్లు కొడితే పగలొచ్చు.

గృహజ్యోతిలో జీరో బిల్లు వస్తున్న ఇంటికి ఇదంతా దండగ. మిగతావాళ్లు ముందు మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. పోయిన నాయిన పేరునే సర్వీసు ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది, కాబట్టి ముందు పేరు మార్పించుకోండి. సబ్సిడీ 78,000 దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలోకే పడుతుంది, వెండర్ చేతికి కాదు.

నెట్ మీటర్ (వచ్చే, పోయే కరెంటును విడివిడిగా లెక్కేసేది) బిగించకముందే 'ట్రయల్' అని ఆన్ చేయనివ్వకండి. పాత డిజిటల్ మీటర్లలో కొన్ని బయటికి పోయిన యూనిట్లను కూడా వాడకం కిందే లెక్కేస్తాయి, బిల్లు పెరిగిపోతుంది. చివరి పది శాతం డబ్బు ఆ మీటరు బిగించి, మూడో గుంత తవ్వాకే ఇవ్వండి.