ఒసాకాలో ఉడకని అన్నం, డాబాగార్డెన్స్‌లో కొన్న "కన్వర్టర్"

వైజాగ్ డాబాగార్డెన్స్‌లో ఒక షాపువాడు మాకు 1,450 రూపాయలకి అంటగట్టింది ఉత్త ప్లగ్గు మార్చే అడాప్టర్. చెప్పింది మాత్రం "కన్వర్టర్ సార్, ఏ దేశంలో ఓల్టేజీ అయినా అదే సర్దుకుంటుంది" అని. సీలు విప్పాక లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఓల్టేజీ మార్చదు అని ఉంది!

వైజాగ్ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం, ప్రయాణం హాయిగా అయిపోయింది. అక్కడా మనలాగే 230 ఓల్టులు, సాకెట్లు మాత్రం బ్రిటిష్ పద్ధతి, మూడు పలక పిన్నులు. లిటిల్ ఇండియాలో హోటల్ గది రాత్రికి 145 సింగపూర్ డాలర్లు తీసుకుని, ఒక్క అడాప్టర్ అడిగితే 20 డాలర్లు డిపాజిట్ కట్టమన్నారు. అక్కర్లేదని ముస్తఫా సెంటర్‌లో 4 డాలర్లకి సొంతంగా కొనుక్కున్నాం. మీరూ అదే చెయ్యండి.

అసలు గొడవ జపాన్‌లో. ఒసాకాలో మాది చిన్న వంటగది ఉన్న గది, రాత్రికి 11,800 యెన్‌లు, శుభ్రంగా ఉంది. అత్తయ్యగారు ఇంటి నుంచి తెచ్చిన 700 వాట్ల రైస్ కుక్కర్ పెట్టారు. ముప్పావుగంటైనా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. "స్విచ్చి వేశారా అసలు?" అని నన్నే అనుమానించారు. అక్కడి కరెంటు 100 ఓల్టులే. ఓల్టేజీ సగం కంటే తగ్గితే వేడి సగానికి కాదు, ఐదో వంతుకి పడిపోతుంది, అంటే ఆ కుక్కర్ అక్కడ 130 వాట్ల దాకానే పనిచేస్తుంది, దాంతో బియ్యం ఎప్పటికి ఉడకాలి? ఆ పూట కింద కొట్లో 150 యెన్‌ల అన్నం ముద్దలు, మన పప్పుల పొడి. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, అత్తయ్యగారికి అది ఇంకా మండింది.

ఫోన్లు, లాప్‌టాప్‌లకి ఈ టెన్షన్ లేదు. చార్జర్ మీద "ఇన్‌పుట్ 100–240 ఓల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే చాలు, పిన్ను ఆకారం మారిస్తే సరిపోతుంది. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క, టోక్యోలో 50, ఒసాకాలో 60 అయినా ఆ చార్జర్‌కి పట్టింపు లేదు. జపాన్‌లో ఎక్కువ సాకెట్లకి రెండు పలక రంధ్రాలే ఉంటాయి, అందుకని ఎర్త్ పిన్ను ఉన్న అమెరికా అడాప్టర్ తీసుకెళ్తే దూరదు. లాప్‌టాప్‌కి అడాప్టర్ కంటే ఊడివచ్చే వైరు ఒక్కటి అక్కడిది కొనుక్కోవడం మేలు. కుక్కర్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ లాంటి వేడి సామాన్లు ఇంట్లోనే వదిలేయండి. వాటికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ మోయాలంటే లగేజీ బరువుకి విమానంవాళ్లకి డబ్బులు కట్టుకోవడమే. పవర్ బ్యాంకు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతిసంచిలోనే.

ఇక అత్తయ్యగారికి జపాన్ కుక్కర్ మీద మనసు పడింది. ఒసాకాలో కరెంటు సామాన్ల కొట్లుండే నిప్పొన్‌బాషిలో ఒకటి 14,500 యెన్‌లు, వెనక్కి తిప్పితే "ఏసీ 100 ఓల్టులు". అది మనింట్లో పెడితే ఐదింతల వేడి లాగి మాడిపోతుంది. విదేశాలకని చేసిన 220 ఓల్టుల మోడల్ పక్కనే ఉంది కానీ 38,000. మా ఆవిడ వద్దంది, క్యోటో రైల్లో అత్తయ్యగారు మాట్లాడనిది మాత్రం నాతో.