ట్రస్టు వడ్డీ డబ్బు: అన్నదానానికా, నీళ్లకా, చదువుకా, వైద్యానికా?

తాతగారి పేరునో నాయనమ్మ పేరునో పెట్టిన చిన్న ట్రస్టులు మా కోనసీమలో చాలానే ఉన్నాయి. అమెరికా పిల్లలు కొంత వేస్తారు, అది బ్యాంకులో డిపాజిట్ అవుతుంది, ఇక ఏటా ట్రస్టీల మధ్య ఒకటే తగువు: ఈసారి దేనికిద్దాం? ఏ పుణ్యం గొప్పదని వాదించుకుంటే తెల్లారేదాకా తేలదు. వచ్చే డబ్బు ఏటా వచ్చేదా, ఒక్కసారి వచ్చిపడిందా అని చూసుకుంటే సగం తగువు అక్కడే తెగుతుంది.

మూలధనం 20 లక్షలు, వడ్డీ 7 శాతం అనుకుందాం. ఏడాదికి 1,40,000. పన్ను మినహాయింపు నిలవాలంటే మామూలుగా అందులో 85 శాతం, అంటే 1,19,000, ధర్మకార్యాలకు ఖర్చు పెట్టాలి. 15 శాతం దాచుకోవచ్చు. నెలకు పదివేల లోపన్నమాట.

అన్నదానం అనగానే లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు తెస్తారు. ఆవిడ వడ్డించింది గోదావరి దాటి ఆకలితో వచ్చిన బాటసారికి, వేళకాని వేళలో. కార్తీకమాసంలో కార్లలో దిగినవాళ్లకి పులిహోర, పూర్ణాలు పెట్టి దాన్ని సీతమ్మగారి బాట అనడం నాకు మింగుడుపడదు. అన్నం నిజంగా కావాల్సింది వరదలో. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గోదావరి మధ్య లంకల్లో పాలప్యాకెట్టు, తాగునీళ్లే బంగారం. దాచుకోగల ఆ 15 శాతం వరదకే ఉంచాలి, దాని మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు.

నీళ్ల సంగతి వేరు. సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరే. వేసవిలో కాలువలు కట్టేసేలోపు చెరువు నింపుకోవాలి. అందుకే ఎవరైనా ముందు ఆర్వో ప్లాంటే అంటారు, శిలాఫలకం కూడా బాగా కనిపిస్తుంది కదా! ఆ తర్వాత నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చాలి, మోటారు కాలుతుంది, కరెంటు బిల్లు, తిప్పే కుర్రాడి జీతం. మూడో ఏడు తాళం. కొత్తది కట్టేకన్నా ఆగిపోయిన ప్లాంటును లేపడం, పంచాయతీ చెరువు దగ్గర ఫిల్టరు బెడ్‌లో ఇసుక మార్పించడం మేలు. ఇది ఒక్కసారి ఖర్చు, ఒక్కసారి డబ్బుతోనే చేయాలి.

వైద్యంలో పెద్ద ఆపరేషన్ల జోలికి మనలాంటి ట్రస్టు వెళ్లలేదు. కానీ ఒకటి చూడండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కింద డయాలసిస్ ఉచితం. లంకలో ఉన్న మనిషి పంటు ఎక్కి రేవు దాటి, ఆటోలో టౌనుకి వెళ్లిరావడం ఉచితం కాదు. వారానికి రెండుసార్లు, రానూపోనూ 200 అనుకున్నా ఏడాదికి 20,800. అది లేక వారం తప్పించేవాళ్లుంటారు. శిలాఫలకం పెట్టడానికి వీల్లేని దానం కాబట్టి దీన్నెవరూ తలవరు.

చదువుకి వస్తే తప్పు మొదటి ఏడే జరుగుతుంది. డబ్బుంది కదా అని తొమ్మిదిమంది పాలిటెక్నిక్ పిల్లలకి ఒకేసారి ఇచ్చేస్తారు. చదువు మూడేళ్లు. మరుసటి ఏడు కొత్తవాళ్లు గుమ్మంలో నిలబడితే పాతవాళ్లకి ఎగనామం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా ఎప్పటికో వస్తుంది, మనం ఆదుకోవాల్సింది బస్సు, మెస్సు, పుస్తకాల ఖర్చు. తలకి 12,000 అనుకుని ఏటా ఇద్దరినే తీసుకోవాలి. మూడో ఏటికి ఆరుగురు, 72,000.

నా ఓటు చదువుకీ డయాలసిస్ దారిఖర్చుకీ. ఆరుగురు పిల్లలు, ఇద్దరు రోగులు కలిపి 1,13,600. మిగిలిన 5,400 ఆడిటరుగారికి! మొదటి రెండేళ్లలో పిల్లలు తక్కువ కాబట్టి మొదటి ఏడు 53,400, రెండో ఏడు 29,400 మిగులుతాయి. చెరువు ఫిల్టరుకి ఆ డబ్బు సరిగ్గా పనికొస్తుంది.

ఇంకో మాట, అందరూ లోపల అనుకుని పైకి అననిది. "మనవాళ్ల పిల్లలకే" అని దస్తావేజులో ఒక్క కులం పేరు రాస్తే పన్ను మినహాయింపు పోతుంది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసమైతే ఆ అడ్డం లేదు. అలాగే అమెరికా పౌరసత్వం తీసుకున్న అబ్బాయి పంపేది విదేశీ విరాళం కిందికొస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఇండియా పాస్‌పోర్టుతోనే ఉన్న తమ్ముడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ బాధ లేదు. డబ్బు దేనికివ్వాలో తేల్చుకునే ముందు ఈ రెండూ సరిచూసుకోండి.