కుళాయి ఉన్న మట్టి కుండ, రెండు నెలలు వాడాక

చించినాడ వంతెన దాటి రాజోలు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కొన్నాను. 10 లీటర్లది. ప్లాస్టిక్ కుళాయి, మట్టి మూత, ఇనప స్టాండు అన్నీ కలిపి 450 రూపాయలు.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. పోయిన వేసవిలో ఒక అర్ధరాత్రి మా నాన్నగారికి నడుం పక్క నుంచి పొత్తికడుపులోకి లాక్కుంటూ నొప్పి వచ్చింది. ఆయన నొప్పితో అరవడం నేను వినడం అదే మొదటిసారి. కిడ్నీలో రాయి. మందులతోనే పడిపోయింది గానీ, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు, అంటే తాగేది 3 లీటర్లు దాటాలి, చెమట పట్టే రోజుల్లో ఇంకా ఎక్కువ. నాన్నగారు నాలుగు రోజులు తాగారు, తరువాత మామూలే. పొద్దున్నే చేలోకి వెళ్ళొచ్చి వసారాలో పడక్కుర్చీలో వాలితే ఇక నీళ్ళ కోసం వంటింట్లోకి లేవరు, ఫ్రిజ్ నీళ్ళు గొంతు పట్టేస్తాయని ముట్టుకోరు, క్యాన్ నీళ్ళేమో మధ్యాహ్నానికే గోరువెచ్చగా అయిపోతాయి. ఏమైనా అంటే "దాహం వెయ్యట్లేదురా" అంటారు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీళ్ళు తగ్గినా దాహం అంతగా తెలియదు, మాకు టెన్షన్ అంతా దాని గురించే.

ఇప్పుడు కుండ ఆయన కుర్చీ పక్కనే ఉంది. చెయ్యి చాపి కుళాయి తిప్పితే అర లీటరు చెంబు నిండుతుంది. రాత్రి పడుకునేలోపు ఆరేడు చెంబులు అయిపోతున్నాయి, ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. మూత్రం ముదురు పసుపు పోయి లేత రంగులోకి వచ్చిందని ఆయనే వచ్చి చెప్పారు. ఆ ఒక్క మాటకే నాకు 450 గిట్టుబాటైపోయింది.

చల్లదనం సంగతి. కుండ గోడల్లోంచి ఊరిన నీరు బయట ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది, అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. పడమటి గాలి కొట్టే రోజు గొంతు దిగుతుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ మన డెల్టాలో గాలి కదలని ఉక్కపోత రోజుల్లో ఆవిరి సరిగ్గా అవ్వదు కాబట్టి క్యాన్ కంటే కాస్త నయం, అంతే. గాలి తగిలే చోట, ఎండ పడకుండా పెట్టుకోండి. రంగులూ వార్నిషూ వేసి మెరిసేవి కొనకండి, బెజ్జాలు మూసుకుపోయి అసలు చల్లబడవు.

ఇది నీళ్ళని శుద్ధి చేస్తుందనుకోకండి. వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊరి చెరువు నీళ్ళు రంగు మారతాయి, ఆ రోజుల్లో కాచి చల్లార్చినవే పోస్తాం. ముంచుకునే కుండ కంటే కుళాయిది మేలు, వచ్చినవాళ్ళ చేతులు నీళ్ళలో పడవు. వారానికోసారి కొబ్బరి పీచుతో లోపలా బయటా రుద్ది కడుగుతున్నాం, సబ్బు పెట్టం, మట్టి ఆ వాసన పీల్చేసుకుంటుంది. బయట తెల్లగా ఉప్పు పేరుకున్నా పీచుతోనే పోతుంది.

బాగోలేనిది కుళాయి. మూడో రోజునే కారడం మొదలైంది, తెల్లారి చూస్తే వసారా అంతా తడి, కుండలో సగం కూడా లేవు. వాషరు మరీ పలచటిది. హార్డ్‌వేర్ షాపులో 60 రూపాయలు పెట్టి వేరే కుళాయి, రెండు మందపాటి వాషర్లు తెచ్చి బిగిస్తే ఆగింది. కుండ ఒళ్ళంతా చెమ్మగా ఉండడం లోపం కాదు, అలా ఉండాలి, బొట్లు బొట్లుగా కారితేనే తేడా ఉన్నట్టు.

ఒక్క విషయం మర్చిపోవద్దు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళు మా నాన్నగారి లెక్క పట్టుకోకండి, వాళ్ళకి ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరే చెప్పాలి.

కుండకి అయిదుకి నాలుగున్నర, కుళాయికి ఒకటి. కొనేటప్పుడు అక్కడే నిండా నీళ్ళు పోయించి, పది నిమిషాలు నిలబడి కుళాయి కింద చెయ్యి పెట్టి చూసుకోండి.