డీజీటీ 3000 చెస్ గడియారం: మ్యాచ్ బోర్డు మీదే తేలాలనుకునే వాళ్ల కోసం

డీజీటీ 3000 కొనాలా, చవకలో దొరికే డిజిటల్ గడియారంతో సరిపెట్టుకోవాలా అని గుంటూరు, తెనాలి వైపు కోచ్‌లు నన్ను తరచూ అడుగుతుంటారు. ఎత్తులు నేర్చుకునే దశలో ఉన్న పిల్లలకైతే చవకదే చాలు. ఇద్దరి మధ్య ఎక్కువ గేమ్‌ల మ్యాచ్ పెట్టి విజేతను తేల్చాలంటే మాత్రం డీజీటీ 3000 కొనమంటాను.

మా దగ్గర ఏటా వేసవిలో మొదటి ఇద్దరు పిల్లలకు ఎనిమిది గేమ్‌ల మ్యాచ్ పెడతాం. ఒకసారి 4-4 అయింది. ఒక పిల్లవాడి నాన్నగారు "టాస్ వేసేయండి సార్, ఎందుకీ టెన్షన్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వారాల తరబడి తలలు బద్దలు కొట్టుకుని ఆడిన పిల్లల ఫలితాన్ని రూపాయి బిళ్ల ఎలా చెబుతుంది? అలా చెప్పించిన సందర్భం పెద్ద చెస్‌లోనే ఉంది. 1983లో ఆస్ట్రియాలోని వెల్డెన్‌లో స్మిస్లోవ్, హ్యూబ్నర్ ఆడిన క్యాండిడేట్స్ మ్యాచ్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీలో భాగం) అదనపు గేమ్‌ల తర్వాత కూడా 7-7గా నిలిస్తే, రూలెట్ చక్రం తిప్పి స్మిస్లోవ్‌ను ముందుకు పంపారు. హ్యూబ్నర్ తప్పేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

అంతకంటే బాధ కలిగించేది మాస్కోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. 1984 సెప్టెంబరు 10న అప్పటి ఛాంపియన్ కార్పోవ్, అతనికి సవాలు విసిరిన కాస్పరోవ్ మొదలుపెట్టారు. ఆరు గేమ్‌లు ముందు గెలిచినవాడే ఛాంపియన్, డ్రాలు లెక్కలోకి రావు, గేమ్‌ల సంఖ్యకు హద్దు లేదు. తొమ్మిది గేమ్‌లకే కార్పోవ్ 4-0తో ఉన్నాడు. తర్వాత వరసగా పదిహేడు డ్రాలు. 27వ గేమ్ గెలిచి 5-0 చేశాడు. ఇంకొక్కటి గెలిస్తే చాలు, అది మాత్రం రాలేదు. 32వ గేమ్‌లో కాస్పరోవ్ ఖాతా తెరిచాడు. మళ్లీ పద్నాలుగు డ్రాలు. 47, 48 గేమ్‌లు కూడా కాస్పరోవ్ గెలిచి 5-3కు తెచ్చాడు. సరిగ్గా అక్కడ, 1985 ఫిబ్రవరి 15న, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే అధ్యక్షుడు కాంపోమనేస్ విలేకరుల సమావేశం పెట్టి ఫలితం లేకుండానే మ్యాచ్ ముగించేశాడు. ఆటగాళ్లు అలిసిపోయారన్నాడు. కార్పోవ్ బాగా చిక్కిపోయిన మాట నిజమే. కానీ ఇద్దరూ ఆడతామనే అన్నారు. అయినా సెప్టెంబరులో 0-0 నుంచి కొత్త మ్యాచ్ అని ప్రకటించారు. కాస్పరోవ్ పుంజుకున్న ఊపూ పోయింది, కార్పోవ్ సంపాదించుకున్న రెండు గేమ్‌ల ఆధిక్యమూ పోయింది. 24 గేమ్‌ల హద్దుతో జరిగిన ఆ కొత్త మ్యాచ్‌ను 13-11తో గెలిచి కాస్పరోవ్ ఛాంపియన్ అయ్యాడు. అయినా ఆ 48 గేమ్‌లకు జవాబు అది కాదు.

ఇదంతా గడియారం రివ్యూలో ఎందుకంటే, హద్దు లేకపోతే మాస్కోలా సాగుతూనే ఉంటుంది, హద్దు పెడితే సమానంగా ముగిసే అవకాశం ఉంటుంది. సమానమైనప్పుడు తేల్చడానికి చక్రాలూ కమిటీలూ కాకుండా చెస్సే కావాలి. తక్కువ టైమ్ గేమ్‌లు న్యాయంగా ఆడించడం వీలైంది ఇంక్రిమెంట్ వల్లే. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే ఆ గడియారానికి మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1988లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1992లో స్పాస్కీతో మ్యాచ్‌లో వాడాడు. పాత ముల్లు గడియారాల కాలంలో గెలుపు ఖాయమైన బోర్డు మీద కూడా ఫ్లాగ్ పడి, అంటే టైమ్ అయిపోయి, ఓడిపోయేవాళ్లు. పది సెకన్లు కలిస్తే కనీసం ఆలోచించి ఒక ఎత్తు వేయొచ్చు.

డీజీటీ 3000 ఈ పని చక్కగా చేస్తుంది. ముందే పెట్టి ఉన్న టైమ్ కంట్రోల్స్ (ఎవరికి ఎంత టైమ్ అనే సెట్టింగ్‌లు) 25, మనం సొంతంగా పెట్టుకుని దాచుకునేవి ఐదు. అంకెలు పెద్దవి, పక్క బోర్డు దగ్గర నిలబడినా నాకు కనిపిస్తాయి. ఎవరి టైమ్ ముందు అయిపోయిందో గుర్తు చూపిస్తుంది కాబట్టి ఆఖరి సెకన్ల గొడవలు మా దగ్గర ఆగిపోయాయి. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. నాకు అన్నిటికంటే అవసరమైనది, ఇద్దరికీ వేర్వేరు టైమ్ పెట్టగలగడం. మ్యాచ్‌ను ఒక్క గేమ్‌తో తేల్చేసే ఆర్మగెడ్డాన్‌కు అది ఉండి తీరాలి: తెల్లపావులకు ఐదు నిమిషాలు, నల్లపావులకు నాలుగు, డ్రా అయితే నల్లపావులది గెలుపు. 2019లో మాస్కోలో మన కోనేరు హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్ చెస్) టైటిల్ ఆర్మగెడ్డాన్ దాకా వెళ్లే తేలింది.

లోపాలూ చెప్పాలి. సొంత సెట్టింగ్ పెట్టడానికి ఓపిక కావాలి, అంచెలంచెలుగా బటన్లు నొక్కుతూ పోవాలి. 2024 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో గుకేశ్, డింగ్ ఆడినట్టు 40 ఎత్తులకు 120 నిమిషాలు, ఆపైన 30 నిమిషాలు, 41వ ఎత్తు నుంచే 30 సెకన్ల ఇంక్రిమెంట్ పెట్టాలంటే మాన్యువల్ పక్కన పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఇంకో సంగతి, ఏ గడియారమైనా లివర్ నొక్కడాన్నే లెక్కపెడుతుంది, బోర్డు మీద ఎత్తుల్ని కాదు. స్కోరుషీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) చూసుకునే ఆర్బిటర్, అంటే రిఫరీ, పక్కన ఉండాలి. ధర కూడా చిన్న అకాడమీకి భారమే, ఒకటి కొని ఫైనల్ బోర్డుకు ఉంచుకుంటే చాలు.

గంటల తరబడి ఆడే క్లాసికల్ మ్యాచ్‌ను ర్యాపిడ్‌తో తేల్చడం తప్పనే పెద్దలు చాలామంది ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. 2018లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు కార్ల్‌సన్, కరువానా పన్నెండు గేమ్‌లూ డ్రా చేసుకున్నారు. పన్నెండో గేమ్‌లో కార్ల్‌సన్ తన పొజిషన్ మెరుగ్గా ఉండగానే డ్రా అడిగాడు, తర్వాత ర్యాపిడ్‌లో 3-0తో గెలిచాడు. ర్యాపిడ్‌లో బలమైనవాడికి క్లాసికల్‌లో తెగించాల్సిన అవసరం తగ్గుతుంది, అది నిజం. అయినా 2012లో ఆనంద్ గెల్ఫాండ్‌ను, 2023లో డింగ్ నెపోమ్నియాషిని ర్యాపిడ్ టై బ్రేక్‌లో (సమానమైతే ఆడే అదనపు గేమ్‌లలో) 2.5-1.5తో ఓడించినప్పుడు ఎవరు ఛాంపియనో ఎత్తులే చెప్పాయి. 2025లో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో హంపి ర్యాపిడ్‌లో దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడితే మాకందరికీ కష్టమనిపించింది. అయినా ఆ ఫలితాన్ని వేలెత్తి చూపలేను, ముందే రాసుకున్న రూల్ ప్రకారం బోర్డు మీద వచ్చింది. 2024 డిసెంబరు 31న న్యూయార్క్‌లో ప్రపంచ బ్లిట్జ్ (కొద్ది నిమిషాల ఆట) ఫైనల్లో కార్ల్‌సన్, నెపోమ్నియాషి 3.5-3.5 దగ్గర ఆగి టైటిల్ పంచుకున్నారు, ఫిడే ఒప్పుకుంది. ఆట నడుస్తుండగా రూల్ వంచడం నాకు 1985లాగే అనిపించింది. గెలిచేదాకా ఇంకో గేమ్ ఆడించాల్సింది.

ఈ గడియారం కొంటే, మ్యాచ్ మొదలయ్యే ముందే సొంత సెట్టింగ్‌లు దాచుకునే ఆ ఐదు చోట్లలో మీ టై బ్రేక్ అంతా వరసగా పెట్టేసుకోండి. నేను మొదట 15 నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు, తర్వాత మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్లు, చివరికి ఆర్మగెడ్డాన్ పెడతాను. అదే వరసను కాగితం మీద రాసి, మొదటి గేమ్‌కు ముందు ఇద్దరు పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ సంతకం పెట్టించండి.