గడ్డం మీద డయోడ్ లేజర్: మూడేళ్ల వాడకం తర్వాత దుష్ఫలితాల లెక్క

పైపెదవి, గడ్డం, దవడ పక్కలు. అవాంఛిత రోమాలకు 810 నానోమీటర్ల డయోడ్ లేజర్‌తో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఎనిమిది సిట్టింగ్‌లు, ఆ తర్వాత ఏడాదికి రెండు టచప్‌లు. గడ్డం మీది ముతక వెంట్రుకల విషయంలో పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. దవడ పక్కన నూగు జోలికి మాత్రం పోకుండా ఉండాల్సింది. ఎందుకో కింద చెబుతాను.

మన చామనచాయకు అసలు చిక్కు మెలనిన్‌తోనే, అంటే చర్మానికీ వెంట్రుకకూ నలుపునిచ్చే పదార్థంతోనే. వెంట్రుకలోని నలుపు ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కితే కుదురు కాలుతుంది. అదే నలుపు పైచర్మంలోనూ ఉంది కదా, అదీ తన వాటా వేడి తీసుకుంటుంది. తెల్ల వెంట్రుకకు లేజర్ పనిచేయకపోవడానికీ, ఎండకు నల్లబడ్డ మొహం మీద కొడితే కమిలిపోవడానికీ కారణం ఒకటే. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లటి చర్మాలకు నప్పుతుంది. చర్మం బాగా నల్లగా ఉన్నవాళ్లకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ భద్రం. కాకపోతే నొప్పి ఎక్కువ, సన్న వెంట్రుకల మీద పట్టు తక్కువ.

సిట్టింగ్ అవగానే ప్రతి కుదురు చుట్టూ చిన్న పొక్కులా ఉబ్బి, చర్మం ఎర్రబడితే కంగారు పడక్కర్లేదు. వేడి కుదురు దాకా వెళ్లిందన్నమాట. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వారం, రెండు వారాలకు వెంట్రుకలు మళ్లీ మొలిచినట్టు కనిపిస్తాయి. చాలావరకు అవి చచ్చి బయటికొస్తున్నవే, వాటంతట అవే రాలతాయి. పీకొద్దు.

కాలడం వేరు. షాట్ పడ్డచోట చర్మం బూడిదరంగుకు తిరిగినా, గంటలు గడిచినా మంట తగ్గకపోయినా, బొబ్బ లేచినా అది కాలినట్టే. హ్యాండ్‌పీస్ కొసన చర్మాన్ని చల్లబరిచే చదరపు గాజు ఉంటుంది. అది బల్లపరుపుగా ఆనాలి. గడ్డం ఎముక వంపు దగ్గర ఒక అంచు లేచిపోతే అక్కడ చల్లదనం అందదు. అందుకే మచ్చ గీతలాగో, సగం చదరంలాగో పడుతుంది. రెండో కారణం షేవింగ్ సరిగా లేకపోవడం. పొడవుగా మిగిలిన వెంట్రుక మాడి గాజుకి మసిలా అంటుకుంటుంది. తర్వాతి షాట్లలో ఆ మసే వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది. కళ్లకు గాగుల్స్ ఉంటాయి కాబట్టి ముక్కే కాపలా: మాడిన వాసన గట్టిగా వస్తే ఆపి గాజు తుడవమనండి. మొహమాటపడితే మచ్చ మనకే మిగులుతుంది.

కాలిందనిపిస్తే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. ఐసుగడ్డ నేరుగా పెట్టొద్దు, బొబ్బ చిదపొద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి. గోధుమరంగు మచ్చ కొన్ని రోజుల తర్వాత తేలుతుంది, వాడిపోవడానికి నెలలు పడుతుంది. ఈలోపు మెడికల్ షాపువాడు ఇచ్చే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మచ్చ పోయినట్టే పోయి చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, కొత్త రోమాలూ రావచ్చు. పెళ్లికూతుళ్లకు ఇంకో మాట: నలుగుకు కనీసం రెండు వారాల ముందే సిట్టింగ్ ముగించుకోండి. సున్నిపిండి రాపిడి ఆ చర్మానికి పడదు.

ఇక నూగు సంగతి. దవడ పక్కలా, మెడ మీదా చాలీచాలని వేడి తగిలితే సన్న రోమాలు చావకపోగా ముదిరి నల్లబడొచ్చు. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లలోనూ, మన రంగు చర్మాల్లోనూ ఇది ఎక్కువ. పరీక్షగా చూస్తే తప్ప కనబడని రోమాన్ని వదిలేయండి. నెలసరి సరిగా రాకపోతే ముందు హార్మోన్ల పరీక్షలు చేయించండి, లేకపోతే ఇటు కాలుస్తుంటే అటు కొత్తవి పుడుతూనే ఉంటాయి.

నాలుగు వారాల ముందు నుంచీ థ్రెడింగ్, వ్యాక్సింగ్ బంద్. కుదురులో వెంట్రుక లేకపోతే లేజర్‌కు గురి ఉండదు. ముందురోజు షేవ్ చేయాలి. జ్వరం పొక్కులు పెదవి మీద వచ్చే అలవాటుంటే ముందే చెప్పండి, పైపెదవి సిట్టింగ్‌తో అవి తిరగబెట్టొచ్చు. మందులతో ఆపొచ్చు. తిమ్మిరి క్రీము ఇంట్లో దట్టంగా రాసి పైన ప్లాస్టిక్ చుట్టుకుని వెళ్లొద్దు. కాళ్లకు అలా రాసుకున్న ఇద్దరు యువతులు చనిపోయాక అమెరికా ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరిక జారీచేసింది. పుట్టుమచ్చ మీద షాట్ వద్దు. కంటిగూటి ఎముక లోపలి భాగం ఏ ధరకూ వద్దు.

ప్రతిసారీ మెషీన్ పేరు, జూల్స్ (షాట్‌లో ఎంత శక్తి పెట్టారో), పల్స్ (కాంతి ఎంతసేపు పడుతుందో) ఎన్ని మిల్లీసెకన్లో మన ఫోన్‌లో రాసుకోవాలి. క్లినిక్ మెషీన్ మారిస్తే పాత అంకెలు కొత్తదానికి వర్తించవు. చెవి కింద ఒకటి రెండు టెస్ట్ షాట్లు వేయించుకుని, కనీసం రెండు రోజులు ఆగి, అప్పుడు మొహం అప్పగించండి.